మంటల మీద సముద్రపు నీళ్ళు: ఉప్పు ఎంత పడింది, ఆ తర్వాత వాన ఎంత పడింది?

మీరు అడిగినవి మూడు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ తగలబడుతుంటే, పక్కనే పసిఫిక్ మహాసముద్రం ఉండి కూడా ఆ నీళ్ళు ఎందుకు వాడలేదు, ఉప్పుకి భయపడ్డారా అన్నది మొదటిది. సముద్రపు నీళ్ళు పోసిన కొండల మీద ఇక ఏమీ మొలవదని వాట్సాప్‌లో తిరుగుతున్న మాట నిజమేనా అన్నది రెండోది. టొపాంగా వైపు ఉన్న మీ స్నేహితుడి పెరట్లో విమానం పోసిన నీళ్ళు పడ్డాయి, నిమ్మ, అవకాడో ఆకులు మాడుతున్నాయి, ఏం చెయ్యాలి అన్నది మూడోది.

నేను ఫైర్ డిపార్ట్‌మెంట్ మనిషిని కాను. బాపట్ల చుట్టుపక్కల తీరపు చౌడు నేలల మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. మంటలు ఎలా ఆర్పాలో నాకన్నా తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆర్పిన నీళ్ళు నేలను ఏం చేస్తాయో మాత్రం కొంచెం వివరంగా చెప్పగలను.

మొదటి ప్రశ్నతో పెద్దగా పని లేదు, ఎందుకంటే సముద్రపు నీళ్ళు వాడారు. లాస్ ఏంజెలెస్ కౌంటీ ఏటా మంటల కాలానికి కెనడాలోని క్యూబెక్ నుంచి రెండు సీఎల్-415 విమానాలు అద్దెకు తెచ్చుకుంటుంది. అక్కడ వాటిని సూపర్ స్కూపర్లు అంటారు. సముద్రం మీద పొట్ట ఆనించి పరుగెడుతూ 12 సెకన్లలో సుమారు 6,100 లీటర్లు నింపుకుని, కొండ మీద పోసి, మళ్ళీ సముద్రానికి వస్తాయి. లాస్ ఏంజెలెస్ తీరపు పేట పసిఫిక్ పాలిసేడ్స్‌ని కాల్చిన పాలిసేడ్స్ మంటల మీద పోసింది ఆ నీళ్ళే. జనవరి 7 రాత్రి విమానాలు ఎగరలేకపోవడానికి కారణం గాలి. ఎడారి వైపు నుంచి సముద్రం వైపు వీచే శాంటా ఆనా అనే పొడి గాలులు కొండల మీద గంటకు 130 కిలోమీటర్లు దాటి వీచాయి. అంత గాలిలో నీళ్ళు పోసినా అవి మంట మీద పడవు, తుంపరై కొట్టుకుపోతాయి. తర్వాత 9వ తేదీన ఎవరో ఎగరేసిన డ్రోన్ తగిలి ఒక సూపర్ స్కూపర్ రెక్కకు చిల్లు పడింది. ఊరు మండుతుంటే ఆ విమానం రిపేరు కోసం కొన్ని రోజులు నేల మీద కూర్చుంది. ఉప్పు గురించి ఇంత చర్చ జరిగింది గానీ, ఆ డ్రోన్ గురించి సగం చర్చ కూడా జరగలేదు.

వీధుల్లోని హైడ్రంట్లు, అంటే ఫైర్ వాళ్ళు గొట్టం తగిలించే కుళాయిలు, ఎండిపోయిన సంగతి వేరు. పాలిసేడ్స్‌కి నీళ్ళిచ్చే ట్యాంకులు మూడు, ఒక్కోటి 10 లక్షల గ్యాలన్లు, అంటే దాదాపు 38 లక్షల లీటర్లు. 8వ తేదీ తెల్లవారుజాము 3 గంటలకల్లా మూడూ ఖాళీ అయ్యాయి. నీటి వాడకం మామూలుకన్నా నాలుగు రెట్లు పెరిగి 15 గంటలు అలాగే ఉందని నగర నీటి సంస్థ చెప్పింది. 11.7 కోట్ల గ్యాలన్లు పట్టే శాంటా ఇనెజ్ రిజర్వాయర్‌ని పైకప్పు రిపేరు కోసం ముందే ఖాళీ చేసి ఉంచారు. ఆ వేళ పక్కన సముద్రం ఉన్నా లాభం లేదు. తాగునీటి పైపుల్లోకి ఉప్పునీళ్ళు ఎక్కించలేరు. దానికి వేరే పంపులు, వేరే పైపులు ఉండాలి, అవి లేవు.

వీలుంటే మంచినీళ్ళే వాడాలనుకోవడానికి ఫైర్ వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. ఉప్పు ఇనుమునీ అల్యూమినియంనీ తినేస్తుంది, పంపులూ వాల్వులూ పాడవుతాయి. సముద్రంలో నింపుకున్న విమానాన్ని ఆ రోజు పని అయ్యాక మంచినీళ్ళతో శుభ్రంగా కడగాలి. ఉప్పునీరు కరెంటును మంచినీటికన్నా దాదాపు వంద రెట్లు బాగా ప్రసరింపజేస్తుంది కాబట్టి, తెగిన కరెంటు తీగల దగ్గర గొట్టం పట్టుకున్న మనిషికి ప్రమాదం ఎక్కువ. అలలు పెద్దగా ఉంటే విమానం అసలు సముద్రం మీదకి దిగలేదు. ఇన్ని ఇబ్బందులున్నా ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, గ్రీస్, క్రొయేషియా దేశాలు కొన్ని దశాబ్దాలుగా మధ్యధరా సముద్రపు నీటినే ముంచి అడవుల మీద పోస్తున్నాయి. విమానం నీళ్ళతోపాటు ఈతగాణ్ణి పీల్చుకెళ్ళి మంటల్లో పడేసిందన్న కథ కూడా ఆ తీరాల నుంచే వచ్చింది. ఆ విమానం అడుగున నీరు పీల్చే మూతులు చాలా చిన్నవి, మనిషి పట్టడు. కాబట్టి ఆ కథను కూడా వాట్సాప్‌కే వదిలేయండి.

ఇక నేల సంగతి. ఉప్పు నేలకు మంచిది కాదని అందరికీ తెలుసు. కానీ మా పనిలో ఎవరైనా ఉప్పు పడింది అంటే మొదట వచ్చే ప్రశ్న, చదరపు మీటరుకి ఎంత అని. ఆ ప్రశ్న వెయ్యకుండా ఈ విషయం మీద ఎవరు ఏం చెప్పినా సగం మాటే.

లెక్క వేసి చూద్దాం. సముద్రపు నీటిలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. 6,100 లీటర్లంటే ఒక్క విమానం నీళ్ళలో 210 కిలోల పైచిలుకు. బస్తాల్లో ఊహించుకుంటే భయం వేస్తుంది. అది ఎంత నేల మీద పడుతుందన్నది విమానం ఎత్తు, వేగం, గాలిని బట్టి మారుతుంది. లెక్క కోసం అర ఎకరం, మన కొలతలో 50 సెంట్లు అనుకుందాం. అప్పుడు చదరపు మీటరుకి పడేది 3 లీటర్లు, అందులో ఉప్పు 100 గ్రాముల చిల్లర. వాన కొలతలో చెప్పాలంటే 3 మిల్లీమీటర్ల సముద్రపు నీరు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మంట మీద పడ్డ నీళ్ళలో చాలా భాగం ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం ఆవిరవ్వదు. కాబట్టి నీరు ఇంకకపోయినా ఉప్పు మొత్తం అక్కడే ఉంటుంది.

ఈ 100 గ్రాములు 30 సెంటీమీటర్ల లోతు మట్టిలో సమానంగా కలిసిపోతే నేల ఈసీ సుమారు 1 పెరుగుతుంది. ఈసీ అంటే మట్టిలోని నీరు కరెంటును ఎంత ప్రసరింపజేస్తుందో చెప్పే కొలత, ఉప్పు పెరిగితే అదీ పెరుగుతుంది. మట్టి పరీక్ష కాగితంలో ఈసీ 4 దాటితే ఉప్పు నేల అని రాస్తారు. వరికి 3 దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. అంటే లోతుగా వేళ్ళున్న చెట్టుకి ఒకసారి పోసిన నీటితో పెద్ద ముప్పు లేదు. కానీ అదే ఉప్పు పై 5 సెంటీమీటర్లలోనే ఆగిపోతే అక్కడ ఈసీ 6 దాకా పెరుగుతుంది. గింజ మొలిచేది ఆ 5 సెంటీమీటర్లలోనే. అందుకే ఒకే కొండ మీద పాత చెట్టు నిక్షేపంగా ఉండి, దాని కింద కొత్త మొలక రాకపోవచ్చు. ఇద్దరు మనుషులు ఆ కొండ చూసి ఒకరు ఏమీ కాలేదని, ఇంకొకరు సర్వనాశనం అయిందని రాస్తారు. ఇద్దరూ చూసిందే రాస్తారు. ఇక మొండి మంట అయి ఒకే చోట ఆరుసార్లు పోశారనుకోండి, 30 సెంటీమీటర్ల లోతు మొత్తం ఈసీ 6కి చేరుతుంది. అప్పుడు చెట్టుకీ ఇబ్బందే.

దీనితో పోల్చడానికి ఉప్పెన లెక్క చూడండి. పొలంలో 10 సెంటీమీటర్ల ఎత్తున సముద్రపు నీరు నిలిచి ఇంకిపోతే చదరపు మీటరుకి 3.5 కిలోల ఉప్పు. విమానం ఒకసారి పోసినదానికి 30 రెట్లకు పైమాటే. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడ్డ ఉప్పెనలో నిలిచిన నీటి ఎత్తు అంతకన్నా ఎన్నో రెట్లు. 2004 డిసెంబరు సునామీలో నాగపట్నం పొలాలూ అలాగే మునిగాయి. ఆ నేలలు శాశ్వతంగా పోయాయా అంటే పోలేదు. నాగపట్నంలో తర్వాతి వర్షాకాలాల్లో నీళ్ళు కట్టి, కాలువల్లోకి తీసేసి, జిప్సం వేసి, జీలుగ దున్ని చాలా పొలాలను ఒకటి రెండేళ్ళలో మళ్ళీ సాగులోకి తెచ్చారు. నీళ్ళు బయటికి పోయే దారి లేని పల్లపు చేలే ఎక్కువ కాలం బాధపడ్డాయి. ఉప్పు పడటం ఎంత ముఖ్యమో, పడ్డాక అది దిగిపోయే దారి ఉందా అన్నదీ అంతే ముఖ్యం. వాట్సాప్ మాటకి జవాబు సగం ఇక్కడే వచ్చేసింది.

మిగతా సగం కొంచెం చిక్కుగా ఉంటుంది. పేపర్లలో వచ్చిన వ్యాసాల్లో ఎక్కువ వాటిలో ఈ భాగం సరిగ్గా రాలేదు, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

మన రైతులు చౌడును రెండు రకాలుగా గుర్తుపడతారు. ఒకటి పాలచౌడు, పైన తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. రెండోది కారుచౌడు, నేల గట్టిగా బిగుసుకుపోతుంది, నీళ్ళు పెడితే ఇంకవు, పైన నల్లగా బురదలా నిలుస్తాయి. మొదటిది ఉప్పు ఎక్కువైన నేల. రెండోదాంట్లో ఉప్పు అంతగా లేకపోయినా బంకమట్టి రేణువులకు సోడియం పట్టుకుని ఉంటుంది. మొదటిదాన్ని నీళ్ళతో కడగొచ్చు. రెండోదాన్ని ఒట్టి నీళ్ళతో కడిగితే ఇంకా చెడిపోతుంది.

సముద్రపు నీరు పడ్డ నేల మొదట పాలచౌడు లాంటిది. ఉప్పు దండిగా ఉన్నంతకాలం మట్టి రేణువులు ముద్దలుగా కలిసే ఉంటాయి, నీరు బాగానే ఇంకుతుంది, చూడ్డానికి ఏ తేడా తెలియదు. వాన పడి పైపై ఉప్పు కడుక్కుపోయాక అసలు తంటా మొదలవుతుంది. రేణువుల మీద ఉండాల్సిన కాల్షియం స్థానాన్ని సోడియం ఆక్రమించి ఉంటుంది. ఉప్పు తగ్గగానే ఆ ముద్దలు విడిపోయి, సన్నటి బంకమట్టి నీటిలో తేలి, సందులన్నీ మూసేస్తుంది. పైన పెచ్చు కడుతుంది. అందుకని సముద్రపు నీరు పోసిన వారానికి వెళ్ళి చూసి అంతా బాగుందని రిపోర్టు రాసేవాళ్ళను నేను నమ్మను. మొదటి పెద్ద వాన తర్వాత వెళ్ళి చూడాలి.

దీన్ని అడవిలోనే పరీక్షించి చూస్తున్నవాళ్ళు ఉన్నారు. అమెరికా తూర్పు తీరంలో మేరీలాండ్‌లో, చెసాపీక్ ఖాతం ఒడ్డున స్మిత్సోనియన్ పర్యావరణ పరిశోధన కేంద్రం ఉంది. సముద్ర మట్టం పెరిగి తుఫాను నీళ్ళు అడవిలోకి వస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి అక్కడ టెంపెస్ట్ అనే ప్రయోగం నడుస్తోంది. మంటల కోసం పెట్టింది కాదు గానీ, మీ ప్రశ్నకి ఇంతకన్నా దగ్గరి ప్రయోగం నాకు కనిపించలేదు. 2,000 చదరపు మీటర్ల అడవి ముక్కల మీద, అంటే మన అర ఎకరమే, ఒకదానికి మంచినీళ్ళు, ఒకదానికి ఖాతంలోని ఉప్పు కలిసిన నీళ్ళు పెడతారు. అది పూర్తి సముద్రపు ఉప్పదనం కాదు, అంతకన్నా తక్కువ. 2022 జూన్‌లో 10 గంటలు పెట్టారు. చెట్లు ఏమీ పట్టించుకోలేదు. 2023లో 20 గంటలు. అప్పుడూ అడవి దాదాపు మామూలుగానే ఉంది, ట్యూలిప్ పోప్లర్ చెట్లు మాత్రం నేల నుంచి నీరు లాగడం తగ్గించాయి. 2024 జూన్‌లో 30 గంటలు పెట్టారు. ఆగస్టు మధ్యకల్లా ట్యూలిప్ పోప్లర్ ఆకులు గోధుమ రంగుకి తిరిగాయి, ఆకు రాలే కాలం ఇంకా చాలా వారాలు ఉండగానే. సెప్టెంబరు మధ్యకి ఆ ముక్కలో పైన ఆకే లేదు. మంచినీళ్ళు పెట్టిన ముక్కలో ఇలా జరగలేదు. అంటే చెట్టు ఊపిరాడక కాదు, ఉప్పు వల్లే.

చెట్లకన్నా నాకు ఆ ప్రయోగంలో నచ్చింది మట్టినీటి సంగతి. మొదటి ఏడాది చెట్లు మామూలుగా ఉన్నప్పుడే, నెల తిరిగేసరికి నేలలోంచి దిగే నీరు టీ డికాషన్‌లా గోధుమ రంగుకి మారి, రెండేళ్ళపాటు అలాగే ఉంది. ఆకుల కుళ్ళు నుంచి సేంద్రియ పదార్థం కరిగి పోతోందన్నమాట. ల్యాబులో చూస్తే బంకమట్టి రేణువులు కూడా విడిపోయి కదులుతున్నాయని తేలింది. పైన పచ్చగా కనిపిస్తుంటే కింద నేల మారిపోతోంది. ఇందాక చెప్పిన చౌడు కథే ఇది, అడవిలో.

అయితే ఆ ఫలితాన్ని తీసుకెళ్ళి లాస్ ఏంజెలెస్ కొండలకు అంటించకండి. మేరీలాండ్ అడవి గంటల తరబడి నీళ్ళలో తడిసింది, విమానం పోసేది ఒక్క క్షణం. అక్కడి చెట్లకు ఉప్పు అలవాటు లేదు. పాలిసేడ్స్ మంట పాకిన శాంటా మోనికా కొండలు సముద్రానికి ఆనుకునే ఉంటాయి, తీరం వైపు వాలుల మీది పొదలు తరతరాలుగా ఉప్పుగాలి తింటున్నవే. అక్కడి అడవి మనం అనుకునే అడవి కాదు, చాపరాల్ అనే దట్టమైన పొదల అడవి. ఆ మొక్కల్లో కొన్ని కాలిపోయాక మొదట్లోని దుంప నుంచి మళ్ళీ చిగురిస్తాయి, కొన్నింటి గింజలకు మంట తగిలితేనే మొలక వస్తుంది. దుంప నుంచి చిగురించేవాటికి ఉప్పు బెంగ తక్కువ. గింజ మీద ఆధారపడేవాటికి ఆ పై 5 సెంటీమీటర్ల ఈసీ ముఖ్యం. ఉప్పుని తట్టుకునే బయటి గడ్డిజాతులు ఆ ఖాళీలో చేరితే, వేసవికి ఎండి, తర్వాతి మంటకి ఎండుగడ్డి వామి సిద్ధం చేస్తాయి. నాకు దిగులు కలిగించేది ఉప్పుతో చచ్చే చెట్టు కాదు, ఈ గడ్డి.

ఇంకొకటి, వాలు. పెద్ద మంట తర్వాత కొన్ని నేలల్లో ఆకుల్లోని మైనం లాంటి పదార్థాలు ఆవిరై కిందికి దిగి గడ్డకట్టి, నీరు ఇంకని పొరగా తయారవుతాయి. దానికి సోడియం వల్ల కట్టే పెచ్చు తోడైతే వాన నీరు ఇంకే దారి ఇంకా తగ్గుతుంది, మట్టి కొట్టుకుపోవడం ఎక్కువవుతుంది. కానీ నిజాయితీగా చెప్పాలంటే ఆ కొండల్లో 2025 ఫిబ్రవరి మధ్య వానకి విరిగిపడ్డ బురదకి ఉప్పు కారణం కాదు. చెట్టు కాలిపోయి, వేళ్ళ పట్టు వదిలిన కొండ ఉప్పు లేకపోయినా జారుతుంది. సముద్రపు నీరు పడింది ఆ కొండల్లో ఎంత మేర? పాలిసేడ్స్ మంట కాల్చింది 23,000 ఎకరాల పైన. విమానాల నీళ్ళు పడ్డది అందులో చిన్న చిన్న పట్టీలు.

నేలకన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది వాగుల దగ్గర. మంచినీటి జీవులకు క్లోరైడ్ ఎంతదాకా ఫరవాలేదన్నదానికి అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 230 మిల్లీగ్రాములు, కొద్దిసేపైతే 860. సముద్రపు నీటిలో క్లోరైడ్ దాదాపు 19,000. అంటే ఒక విమానం నీళ్ళు నేరుగా చిన్న మడుగులో పడితే, దాన్ని ఆ హద్దులోకి తేవడానికి 5 లక్షల లీటర్ల మంచినీరు కావాలి. వానాకాలంలో పారే నదికి అది లెక్క కాదు. ఎండిపోయి అక్కడో మడుగు ఇక్కడో మడుగుగా మిగిలిన కొండవాగుకి, అందులోని కప్పపిల్లలకూ చేపపిల్లలకూ అది చావు దెబ్బ. పైలట్లు వాగుల మీద పోయకుండా చూసుకోవాలనేది అందుకే.

మరి ఉప్పునీటి బదులు వాడేది ఏమిటి? విమానాలు జల్లే ఎర్రటి ద్రవం మీరు టీవీలో చూశారు, ఫాస్-చెక్ అంటారు. మంట పాకకుండా ఆపే ఇలాంటి మందుల్ని రిటార్డెంట్లు అంటారు. అందులో ముఖ్యమైనది అమ్మోనియం ఫాస్ఫేట్, అంటే ఒకరకంగా ఎరువే. నేల మీద పడితే కలుపును పెంచుతుంది, వాగులో పడితే అమ్మోనియాతో చేపలు చస్తాయి. 2002లో ఒరెగాన్‌లోని ఫాల్ రివర్‌లో రిటార్డెంట్ పడి వేల ట్రౌట్ చేపలు చనిపోయాయి. ఇలా చేపలు చావకూడదనే అమెరికా అటవీ శాఖ నీటి వనరులకు 300 అడుగుల లోపు దాన్ని పోయకూడదని నియమం పెట్టుకుంది. దానిలో క్రోమియం, కాడ్మియం లాంటి లోహాలు ఉన్నాయని 2024లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు బయటపెట్టారు. ఉప్పునీటికి, దీనికి పోటీ పెడితే నేల విషయంలో నేను ఉప్పుకే ఓటేస్తాను. ఉప్పు వానతో కడుక్కుపోయి, అక్కడి కొండల్లో అయితే కొద్ది మైళ్ళలో మళ్ళీ సముద్రానికే చేరుతుంది. కాడ్మియం అలా పోదు.

ఈ మొత్తంలో అతి పెద్ద నష్టం బూడిదది. టొపాంగా వాగులో అంతరించిపోయే దశలో ఉన్న స్టీల్‌హెడ్ ట్రౌట్ చేపలు కొన్ని మిగిలి ఉన్నాయి. 2025 జనవరి చివర్లో, వాన రాకముందే అధికారులు హడావుడిగా 271 చేపలను పట్టి వేరేచోటికి తరలించారు. వాళ్ళు భయపడింది ఉప్పుకి కాదు, కొండల మీది బూడిదా బురదా వానకి వాగులోకి దిగుతాయని. కాలిపోయిన ఇళ్ళ బూడిదలో సీసం, ఆస్బెస్టాస్, బ్యాటరీల లోహాలు అన్నీ ఉంటాయి. ఆ మంటల్లో, అదే రోజుల్లో లాస్ ఏంజెలెస్ కౌంటీలోనే ఇంకోచోట వచ్చిన ఈటన్ మంటనీ కలుపుకుని, 16,000కు పైగా కట్టడాలు కాలిపోయాయి. ఒక విమానం ఉప్పు ఒక్క ఇల్లు కాలకుండా ఆపితే నేల వైపు నుంచి చూసినా అది లాభమే.

అలాగని ఇప్పుడు కొంతమంది అంటున్నట్టు సముద్రం నుంచి కొండల్లోకి పైపులు వేసి, స్ప్రింక్లర్లు పెట్టి, మంటల కాలం అంతా తడుపుదాం అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఇందాకటి లెక్కలో 3 మిల్లీమీటర్లకే చదరపు మీటరుకి 100 గ్రాములు. పొదలు తడిగా ఉండాలంటే వారానికి కనీసం 20 మిల్లీమీటర్లు పెట్టాలి. అది వారానికి 700 గ్రాములు. వాన పడని నెలల్లో రెండు నెలలు పెడితే ఉప్పెన లెక్కని దాటిపోతుంది, అదీ ఏటా. దక్షిణ కాలిఫోర్నియాలో వాన ఎక్కువగా శీతాకాలంలోనే పడుతుంది, కొన్నేళ్ళు అదీ సరిగ్గా పడదు. 2024 అక్టోబరు నుంచి 2025 జనవరి మొదటి వారం దాకా చెప్పుకోదగ్గ వానే లేదు. దిగిపోవాల్సిన ఉప్పు దిగకుండా పేరుకుంటే అది చౌడే. చచ్చిన పొద పచ్చి పొదకన్నా బాగా మండుతుంది కూడా.

ఊరి వరకు అయితే వేరు. 1906 భూకంపంలో ఊరు తగలబడ్డాక శాన్ ఫ్రాన్సిస్కో తాగునీటితో సంబంధం లేని వేరే ఫైర్ పైపుల వ్యవస్థ కట్టుకుంది. అవసరమైతే ఖాతం నీళ్ళు కూడా దానిలోకి ఎక్కించే పంపు స్టేషన్లు ఉన్నాయి. 1989 భూకంపంలో మెరీనా పేట అంటుకున్నప్పుడు పైపులు పగిలి నీళ్ళు లేకపోతే, ఫీనిక్స్ అనే ఫైర్ బోటు ఖాతం నీళ్ళు తోడి ఆ మంటను ఆర్పడానికి సాయపడింది. రోడ్లూ కాంక్రీటూ ఉన్న చోట ఎప్పుడో ఒకసారి వాడే ఉప్పునీటికి నేల గురించి బెంగ అక్కర్లేదు. మాలిబు తీరం వెంట ఇళ్ళ దాకా అలాంటి పైపు వేస్తే నాకు అభ్యంతరం లేదు, ఖర్చు ఎవరు పెడతారన్నది వాళ్ళు తేల్చుకోవాలి.

మన దగ్గర ఇలా చేయొచ్చా అని కింద ఇంకొకరు అడిగారు. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు వచ్చినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లకు బకెట్లు వేలాడదీసి నీళ్ళు పోసింది. శేషాచలం నుంచి సముద్రం దాదాపు 100 కిలోమీటర్లు, బకెట్ వేలాడదీసుకుని అంతదూరం తిరగడం అయ్యే పని కాదు. దగ్గరి చెరువో డ్యామో ఉంటే అదే దిక్కు. ఇక మన అడవుల్లో మంట ఎక్కువగా నేల మీద ఎండుటాకుల్లో పాకేది, పచ్చి కొమ్మలతో కొట్టి, ఆకులు ఊడ్చి దారి తీసి ఆపేది. దానికి విమానం కన్నా వేసవికి ముందే ఫైర్ లైన్లు గీయడం, మనుషులను పెట్టడం ముఖ్యం.

ఇప్పుడు మీ స్నేహితుడి పెరడు. ముందు ఆకులు చూడమనండి. ఉప్పు వల్ల మాడితే ఆకు కొస నుంచీ అంచుల నుంచీ గోధుమ రంగు లోపలికి పాకుతుంది, చెట్టంతా ఒకేలా ఉంటుంది. మంట సెగ వల్ల అయితే మంట ఉన్న వైపే మాడి, వెనక వైపు పచ్చగా ఉంటుంది. అవకాడో, నిమ్మ రెండూ ఉప్పుని అసలు ఓర్వలేని జాతి, కరివేపాకూ నిమ్మ కుటుంబమే కాబట్టి కుండీలో ఉంటే దాన్నీ చూసుకోమనండి. దానిమ్మ, ఆలివ్, బోగన్‌విల్లా ఉంటే వాటికి దిగులు లేదు.

ఆకుల మీద ఇంకా ఉప్పు పొడి ఉంటే గొట్టంతో మంచినీళ్ళు కొట్టి కడగాలి. మాడిన ఆకులను వెంటనే కత్తిరించొద్దు, కొత్త చిగురు వచ్చేదాకా ఆగాలి. కుండీల్లో అడుగు చిల్లి నుంచి నీరు ధారగా పోయేలా రెండు మూడుసార్లు నిండా పోయాలి. నేలలో ఉన్నవాటికి ఒక లెక్క ఉంది: ఎంత లోతు మట్టిని కడగాలో అంత లోతు నీరు దానిగుండా దిగితే ఉప్పులో ముప్పాతికకు పైగా దిగిపోతుంది. పై 5 సెంటీమీటర్లకు 50 మిల్లీమీటర్ల వాన చాలు, నెమ్మదిగా పడి ఇంకితే. అవకాడో వేళ్ళ దాకా అంటే 30 సెంటీమీటర్ల నీరు, అది ఒక్క రోజులో కాకుండా విడతలుగా పెట్టాలి. వాలు మీద ఇల్లైతే నీళ్ళు ఎక్కువ పెట్టేముందు కొండ జారే ప్రమాదం గురించి కౌంటీ వాళ్ళను అడగడం మంచిది, నిమ్మచెట్టు కోసం ఇంటిని పోగొట్టుకోకూడదు.

జిప్సం అప్పుడే వెయ్యొద్దు. మొదటి మంచి వాన తర్వాత పై మట్టి ఒక శాంపిల్, అడుగు లోతున ఒక శాంపిల్ తీసి ల్యాబుకి ఇవ్వమనండి. ఈసీతో పాటు సోడియం శాతం కూడా అడగాలి, ఒక్క ఈసీ చూస్తే ఇందాక చెప్పిన రెండో తంటా కనిపించదు. సోడియం ఎక్కువని వస్తేనే ల్యాబు చెప్పిన మోతాదులో జిప్సం వేసి, దాని మీద నీళ్ళు పెట్టాలి. అదే శాంపిల్‌తో సీసం పరీక్ష కూడా చేయించమనండి. చుట్టుపక్కల ఇళ్ళు కాలాయి కాబట్టి, ఆ పెరట్లో ఆకుకూరలూ కూరగాయలూ తినొచ్చా లేదా అన్నది ఉప్పు కన్నా ఆ ఫలితాన్ని బట్టే తేలుతుంది. రిపోర్టు వచ్చాక అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.